కొవ్వాడ నుంచి తుమ్మలపల్లె దాకా: అణువిద్యుత్తుపై పాఠకుల ప్రశ్నలు

దేశంలో అణువిద్యుత్ సామర్థ్యాన్ని 2047 నాటికి లక్ష మెగావాట్లకు చేర్చాలని 2025 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు పాత అణు చట్టాల స్థానంలో ‘శాంతి’ చట్టం తెచ్చి ప్రైవేటు సంస్థలకూ ఈ రంగంలో చోటు కల్పించింది. ఆ తర్వాత ఈ విషయం మీద ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నందున, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం. కొందరు పేరు వేయవద్దని కోరినందువల్ల అందరికీ ఊరి పేరు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మాది రణస్థలం మండలం. కొవ్వాడలో ఆరు రియాక్టర్లు కడతారని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మా తాతయ్య ‘ఫుకుషిమాను తెచ్చి మన నెత్తిన పెడుతున్నారు’ అంటారు. కాలేజీలో మా మాస్టారు ‘బొగ్గు పొగకంటే ఇది వెయ్యి రెట్లు నయం’ అంటారు. ఎవరి మాట నమ్మాలి?
— డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మాస్టారు దేశం లెక్క చెబుతున్నారు, తాతయ్య ఊరి లెక్క చెబుతున్నారు. రెండింటిలోనూ నిజముంది.

ముందు మాస్టారి లెక్క చూద్దాం. మన దేశంలో తయారయ్యే కరెంటులో 70 శాతానికి పైగా ఇప్పటికీ బొగ్గుదే. అణువిద్యుత్ వాటా ఎన్నో ఏళ్లుగా 3 శాతం దగ్గరే ఉండిపోయింది. వెయ్యి మెగావాట్ల బొగ్గు కేంద్రం ఏడాదికి 40 నుంచి 50 లక్షల టన్నుల బొగ్గు మింగుతుంది, మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే మిగులుతుంది. అంతే సామర్థ్యమున్న కొవ్వాడ తరహా రియాక్టరుకు ఏడాదికి 25, 30 టన్నుల శుద్ధిచేసిన యురేనియం చాలు. గని తవ్వకం నుంచి కేంద్రం కూల్చివేత దాకా అన్నీ కలిపి లెక్కగట్టినా, యూనిట్ అణువిద్యుత్తుకు వెలువడే కార్బన్ డయాక్సైడ్ 12 గ్రాములని, బొగ్గుకు అది 820 గ్రాములని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 2014లో అంచనా వేసింది. బొగ్గు పొగకు ఊపిరితిత్తులు చెడి చనిపోయేవారి పేర్లు ఏ ప్రమాదాల జాబితాలోకీ ఎక్కవు గనుక ఆ నష్టం మన కంటికి ఆనదు.

ఇక తాతయ్య భయం. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపం రాగానే, నడుస్తున్న రియాక్టర్లు అనుకున్నట్టే ఆగిపోయాయి. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. రియాక్టరును ఆపినా లోపలి ఇంధనం చల్లబడదు. ఆపిన క్షణాన పూర్తి వేడిలో 6, 7 శాతం, ఒక రోజు గడిచాక కూడా దాదాపు అర శాతం వేడి పుడుతూనే ఉంటుంది. కొవ్వాడకు అనుకుంటున్న రియాక్టరు ఒక్కొక్కటి పుట్టించే వేడి 3,400 మెగావాట్లు, అందులో అర శాతం అంటే 17 మెగావాట్లు. దాన్ని గంటగంటకూ నీటితో తొలగించాలి, అందుకు పంపులు ఆడాలి, పంపులకు కరెంటు కావాలి. ఫుకుషిమాలో సునామీ నీరు డీజిల్ జనరేటర్లను ముంచేయడంతో ఆ కరెంటే లేకుండా పోయింది.

ఇలాంటి పరిస్థితి మన దేశంలోనూ ఒకసారి వచ్చింది. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణుకేంద్రంలో టర్బైను రెక్కలు రెండు విరిగి, హైడ్రోజన్ బయటికొచ్చి అంటుకుంది. ఆ మంటల్లో కేబుళ్లు కాలిపోవడంతో అసలు సరఫరా, అత్యవసర సరఫరా రెండూ పోయి కేంద్రం దాదాపు 17 గంటలు చీకట్లో ఉంది. కంట్రోల్ రూమ్ పొగతో నిండిపోతే సిబ్బంది టార్చిలైట్లు పట్టుకుని పైకెక్కి, రియాక్టరులోకి అణుచర్యను ఆపే బోరాన్ ద్రవాన్ని చేతులతో వాల్వులు తిప్పి వదిలారు. మంటలార్పే డీజిల్ పంపులతో నీళ్లు పెట్టి వేడిని అదుపు చేశారు. వికిరణం (రేడియేషన్) బయటికి రాలేదు. దీన్ని సిబ్బంది సాహసంగా చెప్పుకోవడం సబబే. అయితే అసలు, అత్యవసర కేబుళ్లు ఒకే మంటకు కాలిపోయేలా ఎవరు వేశారన్న ప్రశ్న కూడా అడగాలి. 2004 సునామీలో తమిళనాడులోని కల్పాక్కం అణుకేంద్రం పంపుహౌసులోకి సముద్రం వచ్చినా రియాక్టరు క్షేమంగా ఆగింది, కరెంటు సరఫరా చెక్కుచెదరలేదు.

కొవ్వాడకు అనుకుంటున్న అమెరికా తయారీ ఏపీ-1000 రకం రియాక్టరులో ఈ లోపానికే విరుగుడు ఉంది. రియాక్టరు గూడు నెత్తిన పెద్ద నీటి తొట్టి ఉంటుంది. కరెంటు లేకపోయినా, మనిషి చేయి పడకపోయినా 72 గంటల పాటు నీరు దానంతటదే జారి చల్లబరుస్తుంది. అయితే 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ జిల్లాలో పలాస వైపు ఎన్ని రోజులు కరెంటు లేదో, రోడ్లు ఎన్నాళ్లకు తెరుచుకున్నాయో మీ తాతయ్యకు గుర్తుండే ఉంటుంది. ఆ 72 గంటలు దాటాక నీళ్లు, డీజిల్ ఎటునుంచి వస్తాయన్నది అడగదగ్గ ప్రశ్నే.

ఫుకుషిమాలో వికిరణం వల్ల చనిపోయినట్టు జపాన్ ప్రభుత్వం అంగీకరించింది ఒక్క కార్మికుణ్ణే. ఊళ్లు వదిలి పోవలసి వచ్చినవారు మాత్రం లక్షన్నర మందికి పైనే. ఆ తరలింపు బడలికతోనూ, వైద్యం తెగిపోయీ, పరాయి చోట బెంగతోనూ ఆ ఒక్క రాష్ట్రంలోనే 2,000 మందికి పైగా మరణించినట్టు నమోదైంది. అణుప్రమాదమంటే జనం ముందు క్యాన్సర్ గురించి భయపడతారు, కానీ అనుభవంలో తేలింది వేరు: మొదట పోయేది ఊరు. కాబట్టి తాతయ్య భయానికి పేరు మార్చవలసి ఉంటుందేమో గాని, దాన్ని మూఢనమ్మకమని తీసిపారేయడానికి వీల్లేదు.

ప్రమాదం జరగకపోయినా ఊరు ఇచ్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. భూమి పోతుంది, ఆ మాట అందరికీ తెలుసు. సముద్రం సంగతి ఎవరూ అంతగా మాట్లాడరు. రియాక్టరులో పుట్టే వేడిలో మూడో వంతే కరెంటవుతుంది; మిగతా రెండు వంతులు వేడినీళ్లుగా సముద్రంలోకి పోతాయి. ఆరు రియాక్టర్ల వేడి ఒకే చోట కలిసినప్పుడు ఒడ్డు దగ్గరి చేప ఎటు పోతుందన్నది మీ తీరంలోని చిన్న పడవలవాళ్లకు బతుకు ప్రశ్న. భూమి పట్టా లేని వేటగాడికి నష్టపరిహారం జాబితాలో పేరెక్కడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర లేదు.

మీరు చదువుకున్నవారు గనుక ఒక పని చేయండి. నిబంధనల ప్రకారం కేంద్రం చుట్టూ 5 కిలోమీటర్ల లోపు జనాభా పెరగకుండా చూడాలి, 16 కిలోమీటర్ల లోపు అత్యవసర తరలింపు ప్రణాళిక ఉండాలి. మ్యాపు మీద ఆ రెండు వలయాలు గీసి, పైడిభీమవరం మందుల పరిశ్రమలు, జాతీయ రహదారి ఎక్కడ పడతాయో చూడండి. ప్రజాభిప్రాయ సేకరణ జరిగిననాడు ‘వద్దు’, ‘కావాలి’ అనే నినాదాల నడుమ ఆ మ్యాపు పట్టుకుని లేచిన మనిషికే అధికారులు నిజంగా జవాబు వెతుక్కోవలసి వస్తుంది.

ప్రశ్న: మా రాష్ట్రంలో కొత్తగా కట్టిన అణుకేంద్రం ఖర్చు కోసం కరెంటు బిల్లులో ఏళ్ల తరబడి విడిగా రుసుం కట్టాం. కొవ్వాడలోనూ అదే రకం రియాక్టర్లని చదివాను. శ్రీకాకుళంలో మా బంధువుల బిల్లు కూడా ఇలాగే పెరుగుతుందా?
— అట్లాంటా, అమెరికా

జవాబు: మీ జార్జియాలోని వోగ్టిల్ కేంద్రం 3, 4 యూనిట్లు నిజంగానే ఏపీ-1000 రకం, వెస్టింగ్‌హౌస్ తయారీ. మొదట 1,400 కోట్ల డాలర్లన్నారు, చివరికి అది 3,000 కోట్ల డాలర్లు దాటింది. ఏడేళ్లు ఆలస్యమై ఒకటి 2023 జులైలో, రెండోది 2024 ఏప్రిల్‌లో పనిచేయడం మొదలుపెట్టాయి. మధ్యలో, 2017లో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. అదే ఏడాది పొరుగున సౌత్ కరొలినాలో ఇదే రకం రెండు రియాక్టర్లను సుమారు 900 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక సగంలో వదిలేశారు. చైనాలో నాలుగు పూర్తయ్యాయి, అవీ ఆలస్యంగానే.

రూపాయల్లో చెప్పాలంటే వోగ్టిల్‌లో మెగావాటుకు వంద కోట్లు దాటింది. తమిళనాడులోని కూడంకుళం 3, 4 యూనిట్లకు మంజూరైన అంచనా మెగావాటుకు సుమారు 20 కోట్లు. మన దేశంలో కూలి, నిర్మాణ ఖర్చు వేరు కాబట్టి కొవ్వాడలో వోగ్టిల్ ధరే పలుకుతుందని నేను అనను. కాని అందులో సగం ధర పడినా ఆ కరెంటు కొనడానికి ఏ విద్యుత్ పంపిణీ సంస్థా (డిస్కం) ముందుకు రాదు. 2016లో గుజరాత్‌లోని మిఠీ విర్ది నుంచి ఈ ప్రతిపాదన కొవ్వాడకు మారినప్పటి నుంచి బేరం తేలకపోవడానికి ధర ఒక కారణం.

స్వదేశీ రియాక్టర్లు చవకైనవి, కాని అవీ చెప్పిన వేళకు రావు. గుజరాత్‌లోని కాక్రపార్ మూడో యూనిట్ 700 మెగావాట్ల స్వదేశీ నమూనాలో మొదటిది. 2010లో కాంక్రీటు పోయడం మొదలైతే వాణిజ్య ఉత్పత్తి 2023లో గాని రాలేదు. కల్పాక్కంలో 2004లో మొదలుపెట్టిన ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు 2010కల్లా పూర్తి కావలసింది, ఇంధనం నింపే దశకు వచ్చేసరికి 2024 అయింది. అప్పు తెచ్చి కట్టే కేంద్రానికి ఆలస్యమైన ప్రతి ఏడూ వడ్డీ పెరుగుతుంది, ఆ వడ్డీ చివరికి యూనిట్ ధరలోనే కలుస్తుంది. అణుకార్యక్రమం మీద నాకున్న మొదటి అభ్యంతరం ప్రమాదం కాదు, ఈ ఆలస్యమే. 2047 లక్ష్యం చేరాలంటే ఇప్పుడున్న 9 వేల మెగావాట్ల లోపు సామర్థ్యాన్ని ఇరవై రెండేళ్లలో పదకొండు రెట్లకు పైగా పెంచాలి. మొదటి కేంద్రం తారాపూర్ 1969లో మొదలైంది. అప్పటి నుంచి ఇన్నేళ్లకు సాధించింది ఆ 9 వేలే.

ప్రశ్న: సౌరవిద్యుత్తు యూనిట్ రెండున్నర రూపాయలకు వస్తున్నప్పుడు ఈ తలనొప్పి దేనికి?
— విశ్రాంత ఉద్యోగి, ఈసీఐఎల్ ప్రాంతం, హైదరాబాద్

జవాబు: రెండున్నర అన్నది ఎండ ఉన్న వేళ ధర. మన రాష్ట్రాల్లో పగటిపూట పొలం మోటార్లకు అది బంగారం లాంటి కరెంటు, సందేహం లేదు. సాయంత్రం ఏడు తర్వాత కావాలంటే బ్యాటరీ ఖర్చో, నీళ్లను కొండెక్కించి దించే పంప్డ్ స్టోరేజీ ఖర్చో కలుస్తుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో చేపట్టిన 1,680 మెగావాట్ల పథకం అలాంటిదే. ఈ నిల్వ ఖర్చు ఏటేటా తగ్గుతోంది, అణుకేంద్రం ఖర్చు మాత్రం తగ్గడం లేదు. ఈ ఒక్క ధోరణి వల్లే పదేళ్ల కిందట అణువిద్యుత్తుకు అనుకూలంగా చెప్పిన వాదనలు చాలావరకు బలహీనపడ్డాయి.

అయినా కొంత మిగులుతుంది. ముసురు పట్టిన వారం రోజులూ, గాలి ఆడని రాత్రీ దేశమంతటికీ బ్యాటరీతో నెట్టుకురావడం ఇంకా ఎవరూ చేసి చూపలేదు. ఏడాది పొడవునా సగటున 80 శాతం సామర్థ్యంతో నడిచే అణుకేంద్రం ఆ లోటు కొంత పూడ్చగలదు. మీ ఇంటికి దగ్గర్లోనే, 1971 నుంచి నడుస్తున్న అణు ఇంధన సముదాయంలో తయారయ్యే ఇంధన కట్టను ఎప్పుడైనా ప్రదర్శనలో చూసే ఉంటారు. అర మీటరు పొడవు, పదిహేను కిలోల పైచిలుకు బరువు, చేత్తో ఎత్తుకోవచ్చు. అది సుమారు 6 లక్షల యూనిట్ల కరెంటిస్తుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లు 250 ఉంటే వాటికి ఏడాది పాటు సరిపోతుంది. స్వదేశీ 700 మెగావాట్ల రియాక్టర్లను ఒకే నమూనాలో వరసగా కట్టుకుంటూ పోవడం సమంజసమని, దేశానికో రకం చొప్పున దిగుమతి చేసుకోవడం కాదని నా అభిప్రాయం.

ప్రశ్న: మాకు రియాక్టరు లేదు, గని మాత్రం ఉంది. బోరు నీళ్లు తెల్లగా పొర కడుతున్నాయి, అరటి తోట ఎండిపోయింది. అడిగితే అంతా పరిమితుల్లోనే ఉందంటారు. దేశం వేసుకునే లాభనష్టాల లెక్కలో మేము ఉన్నామా?
— రైతు, వేముల మండలం, కడప జిల్లా

జవాబు: చాలా లెక్కల్లో మీరు లేరు. రియాక్టరు చుట్టూ వలయాలు గీసే చర్చలు గని దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాయి.

మీ మండలంలోని తుమ్మలపల్లె గని ఖనిజంలో యురేనియం చాలా తక్కువ. టన్ను రాయి పిండి చేస్తే అర కిలో కూడా రాదు. అది సున్నపు జాతి రాయి కాబట్టి ఆమ్లంతో కాక సోడా క్షారాలతో వేడి మీద తీస్తారు. మిగిలిన రాయంతా బురదగా వ్యర్థాల చెరువుకు చేరుతుంది. యురేనియం తీసేశాం కదా అంటే కుదరదు. ఖనిజంలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం రేడియం మొదలైన వాటి రూపంలో ఆ బురదలోనే ఉండిపోతుంది, దానితో పాటు సోడియం లవణాలు కూడా. చెరువు అడుగున నీరు ఇంకని పొర సరిగా ఉందా లేదా అన్నది కాబట్టి ప్రాణావసరమైన ప్రశ్న. కనంపల్లె, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె, కె.కె. కొట్టాల ప్రజలు ఏళ్లుగా అడుగుతున్నది అదే. గనిని నడిపే సంస్థ ఆరోపణలను తోసిపుచ్చింది, కాలుష్య నియంత్రణ మండలి 2018లో నోటీసు ఇచ్చింది.

మీకు ఉపయోగపడే మాటొకటి చెబుతాను. తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. దాటితే ముందు దెబ్బతినేవి మూత్రపిండాలు. అయితే నీటిలో యురేనియం ఉన్నంత మాత్రాన అది గని నుంచే వచ్చిందని రుజువు కాదు, మన రాళ్ల నేలల్లో సహజంగానూ ఉంటుంది. చెరువుకు ఎగువన ఒక బోరు, దిగువన రెండు మూడు బోర్లు ఎంచుకుని, ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి, యురేనియంతో పాటు సోడియం, సల్ఫేటు కూడా పరీక్ష చేయించి కాగితాలు దాచుకోండి. మూడూ కలిసి దిగువన పెరుగుతూ, ఎగువన పెరగకపోతే, ఆ తేడాను సహజమని కొట్టిపారేయడం ఎవరికీ సులువు కాదు. తోట ఎండటానికి యురేనియం కంటే సోడియమే కారణమయ్యే అవకాశం ఎక్కువ; పంటనష్టం అర్జీలో ఆ మాటే ముందు రాయండి.

నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అమ్రాబాద్ పులుల అడవికి, అక్కడి చెంచులకు దొరికిన ఆ అండ వేముల మండలానికి దొరకలేదు. అడవి కోసం పట్నాలన్నీ గొంతెత్తాయి, మెట్ట పొలాల కోసం ఎత్తలేదు; ఇది నాకు న్యాయంగా తోచదు.

ప్రశ్న: వాడేసిన ఇంధనం ఎక్కడికి పోతుంది?
— ఉపాధ్యాయురాలు, మణుగూరు

జవాబు: ముందు కొన్నేళ్లు రియాక్టరు పక్కన నీటి తొట్టిలో చల్లారుతుంది. మన దేశం దాన్ని పారేయదు. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో శుద్ధిచేసి ప్లుటోనియం, మిగిలిన యురేనియం వేరుచేస్తారు. చివరికి మిగిలే తీవ్ర వ్యర్థాన్ని గాజులో కలిపి ఉక్కు డబ్బాల్లో మూసి భద్రపరుస్తారు. పరిమాణం చాలా తక్కువ, కాలం చాలా ఎక్కువ. ఫిన్లాండ్ నేల లోతున ఒంకలో అనే శాశ్వత గిడ్డంగి తవ్వింది, మనకు అలాంటిది ఇంకా లేదు. రియాక్టర్లకు కావలసిన భారజలం తయారుచేసే మీ ఊరి కర్మాగారానికి ఈ వ్యర్థంతో సంబంధం లేదు, అక్కడ పెద్ద ప్రమాదకారి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు.

ప్రశ్న: కరెంటు పేరు చెప్పి బాంబులు తయారుచేస్తున్నారా? అందుకేనా ఇంత గోప్యత?
— హనుమకొండ

జవాబు: రెండూ ఒకే ఇంట్లో పుట్టినవే. 1974 పోఖ్రాన్ పరీక్షకు వాడిన ప్లుటోనియం కెనడా సాయంతో కట్టిన పరిశోధన రియాక్టరు నుంచి వచ్చింది. అందుకే కెనడా రాజస్థాన్‌లోని రావత్‌భాటా అణుకేంద్రం పని మధ్యలో వదిలి వెళ్లిపోయింది. అమెరికాతో కుదిరిన 2008 ఒప్పందంతో పౌర, సైనిక రియాక్టర్లను విడదీసి, పౌర రియాక్టర్లను అంతర్జాతీయ తనిఖీ కిందికి తెచ్చారు. ఆయుధాలు కావాలా వద్దా అన్నది వేరే చర్చ. అయితే సైనిక గోప్యత అలవాటు పౌర విభాగానికీ అంటుకుంది. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలికి తగిన స్వతంత్రత లేదని కాగ్ 2012లోనే తప్పుపట్టింది. కొత్త చట్టం దానికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. సభ్యులను ఎవరు నియమిస్తారు, తనిఖీ నివేదికలు జనానికి ఎంత త్వరగా అందుతాయి అన్నదాన్ని బట్టి ఆ హోదా విలువ తేలుతుంది.

ప్రశ్న: ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరిస్తారు?
— న్యాయవాది, విజయనగరం

జవాబు: 2010 చట్టం ప్రకారం కేంద్రాన్ని నడిపే సంస్థ 1,500 కోట్ల రూపాయల వరకు చెల్లించవలసి ఉండేది. పరికరంలో లోపముంటే సరఫరా చేసిన కంపెనీ మీద తిరిగి దావా వేసే హక్కు ఆ సంస్థకు ఉండేది. భోపాల్ గ్యాస్ దుర్ఘటనలో 47 కోట్ల డాలర్లతో సరిపెట్టుకోవలసి వచ్చిన చేదు అనుభవంతో పార్లమెంటు ఆ హక్కును పట్టుబట్టి చేర్చింది. విదేశీ కంపెనీలు ఆ షరతు చూసే వెనక్కు తగ్గాయి. 2025 ‘శాంతి’ చట్టంలో ఆ హక్కు పోయింది, ఒప్పందంలో రాసుకుంటేనో, కావాలని చేసిన నష్టమైతేనో తప్ప. అతి పెద్ద కేంద్రానికి సంస్థ బాధ్యత గరిష్ఠంగా 3,000 కోట్లు. ఆపైన కొంత పరిమితి వరకు ప్రభుత్వం భరిస్తుంది. ఫుకుషిమా కేంద్రాన్ని నడిపిన టెప్కో సంస్థ ఇప్పటిదాకా చెల్లించిన పరిహారం 10 లక్షల కోట్ల యెన్‌లు దాటింది, మన డబ్బులో 5 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. ప్రమాదం జరిగే అవకాశం అతి స్వల్పమని సరఫరాదారులు నిజంగా నమ్ముతుంటే, ఆ స్వల్పమైన బాధ్యతను తమ మీద వేసుకోవడానికి ఎందుకు వెనకాడుతున్నారో నాకు అర్థం కాదు.

మీ కక్షిదారుల్లో ఎవరికైనా ఇంటికో, దుకాణానికో బీమా ఉంటే పాలసీ పత్రంలో మినహాయింపుల భాగం చూడండి. యుద్ధంతో పాటు అణు వికిరణం వల్ల కలిగే నష్టాన్నీ మామూలు అగ్నిప్రమాద పాలసీలు వర్తించని జాబితాలోనే చేరుస్తాయి. కొవ్వాడ చుట్టుపక్కల ఆస్తి ఉన్నవారికి ఆ మాట ముందే చెప్పి ఉంచడం మంచిది.